ఙ

దెయిరాలో, బనియాస్ స్క్వేర్ ఎనక సందులో
నలభై ఆరు డిగ్రీల మధ్యాన్నం
బొచ్చు కోట్ల కొట్టు నుంచి వచ్చింది రౌషాన్.
చలిదేశాల బేరగాళ్ళకి పొద్దంతా
రష్యన్‌లోనే మింకు తోళ్ళు అమ్ముతాది.
చేతి రుమాలుకి ఇంకా నాలుగు ఎంటికలు అంటుకొని ఉండాయి,
ఏ జంతువువో.

వీసా కాగితాలు నా బల్ల మీద పెట్టింది.
సెయిత్‌కలియేవా, అని కొడతాండా.
"ఆ చివరి ముక్క మాది కాదు" అనింది,
"ఎవరో గుమాస్తా మా తాత పేరుకి కుట్టిన తోక.
తీసెయ్యడానికి ఏమన్నా వీలుందా?"
పాస్‌పోర్టులో ఎట్లుంటే అట్లే కొట్టాల తల్లీ.
నన్ను చూడు, షేక్ కుళ్ళాయప్ప.
నిజంగా ముసల్మానువేనా అని
ఈ ఊర్లో అడగనోడు లేడు.

అప్పుడు తీసింది సంచిలోంచి,
మడతల కాడ చిరిగి నాలుగు ముక్కలైతే
టేపుతో అతికిచ్చిన కాగితం.
ముత్తాత రాసిన ఉత్తరం.
పిండి బస్తాలో కొన్నేండ్లు, దిండులో కొన్నేండ్లు.
కజాఖ్ మాట, అరబ్బీ అక్షరాలు.
అవ్వ బడికి పోయిన కాలంలోనే
రెండుసార్లు అక్షరాలు మార్చేసినారంట.
అవ్వ రాసింది అమ్మ చదవలేదు,
అవ్వ నాయన రాసింది అవ్వే చదవలేదు.
పక్క క్యాబిన్ ఈజిప్టాయన చూసి
లిపి మాదే, మాట మాది కాదని తిరిగిచ్చినాడంట.

నాకూ అరబ్బీ రాదు.
చదవడం మాత్రం వచ్చు.
మీసాల్లో దూది పోగులతోనే మా నాయన
నన్ను తీసుకపోయి హజరత్ బెత్తానికి అప్పజెప్పినాడు.
అర్థం అడిగితే ఇంకో దెబ్బ.
ఆ చదువు ఇన్నాళ్ళకి ఇట్ల పనికొచ్చె:
అర్థం తెలీకుండా నేను చదువుతా,
చదవడం తెలీకుండా ఆమె అర్థం చేసుకుంటాది.

గోధుమరంగు గుర్రం ఈనింది.
పిల్లకి దగ్గు తగ్గిందా.
ఉయ్యాల తాడు పాతది, మార్చండి.
నా నోట్లోంచి పోయేవి ఉత్త చప్పుళ్ళు,
ఆమె మొగంలో దిగేతలికి
అవి గుర్రం, దగ్గు, తాడు.

ఒకచోట ఆగిపోయినా.
కాఫ్ మీద మూడు చుక్కలు. ఖురానులో చూసిన గుర్తు లేదు.
క అన్నా. గ అన్నా. తల అడ్డంగా ఊపింది.
ముందూ ఎనకా పలికిచ్చుకొని
ముక్కులోంచి తీసింది ఆ శబ్దాన్ని.
మెనిఙ్.
నాది, అని అర్థమంట.

ఙ!
పలక మీద దిద్ది దిద్ది
ఏ మాటలోనూ దొరక్క
ఇదెందుకయ్యా మనకి అంటే
అయ్యవారు చెవి మెలేసిన అక్షరం.
మా బళ్ళో దానికి కుర్చీ ఉండాది, పని లేదు.
వాళ్ళకి పనుంది,
కుర్చీ మాటిమాటికి మారుస్తా పోయినారు.

తర్వాత వరుసలు ఆమె చెప్పినట్టే రాస్తాండా.
"ఆదివారం దాకా నేను చదువుకున్నోణ్ణి.
ముప్ఫై ఏండ్లు పిల్లోళ్ళకి చెప్పినోణ్ణి.
సోమవారం కొత్త అక్షరాలు దిగినాయి.
పట్టీలో నా పేరు పక్కన నిరక్షరాస్యుడు అని రాసి
వేలిముద్ర ఎయ్యమన్నారు.
ఏసినా."
ఇది చెప్పి రౌషాన్ నవ్వింది.
నవ్వు ఎంతకీ ఆగలేదు.
ఏసీ నీళ్ళు బకెట్లో పడతానే ఉండాయి.

అడుగున రెండు వరుసలు.
చూడకుండా చదివేసినా, అల్‌హమ్దు సూరా.
సగంలో ఆమె పెదాలు కదిలినాయి.
"ఆగు, ఇది పంటినొప్పి మంత్రం కదా?
మా అవ్వ దవడ మీద చెయ్యి పెట్టి ఊదేది.
బళ్ళో ఎవురన్నా అడిగితే
తెలీదు అని చెప్పు, అనేది."

కాదమ్మా అనబోయి మానుకున్నా.
నాకు మాత్రం తెలుసునా దాని అర్థం?
నొప్పికని తెలిసినోళ్ళు ఆమెకన్నా ఎక్కువే చదివినట్టు.

టైపింగుకి ముప్ఫై దిర్హాములు.
ఉత్తరానికి ఏమీ అడగలేదు.
కాగితం మడిచేటప్పుడు పాత మడతల్లోనే మడిచింది.

రాత్రి అల్ కూజ్ బస్సులో
నోట్లో నోట్లోనే ఙ, ఙ అనుకుంటాంటే
పక్క సీటు పఠాను తిరిగి చూసి
పంటినొప్పా, అన్నాడు.
అవునన్నా.